ఆటల పెట్టె నెత్తిన బోర్డు

ఆ రోజుల్లో మా తెనాలిలో బడ్డీకొట్టుకి కూడా బోర్డు ఉండేది. ఇంట్లో ఉన్న వస్తువుకి బోర్డు పెట్టినవాణ్ణి మాత్రం నేనొక్కణ్ణే అయ్యుంటాను. (గొప్పగా చెప్పడం లేదు. అప్పట్లో ఇంట్లోవాళ్ళూ గొప్పగా చెప్పలేదు.) బాపట్లలో చదువు ముగించి, కంప్యూటర్లు బాగుచేసే షాపులో చేరిన కొత్తలో నేనొక ఆటల పెట్టె తయారుచేశాను. చిన్నప్పుడు వీడియోగేమ్ షాపుల్లో నిలబడి ఆడేవాళ్ళమే, అట్లాంటిది: నిలువెత్తు ప్లైవుడ్ బీరువా, నడుమెత్తున మీటలు, లోపల పాత కంప్యూటరు. చెక్కపని అంగలకుదురు వడ్రంగిది. ఆయన అలాంటిదాన్ని ఎన్నడూ చూడలేదు కాబట్టి దేవుడి మందిరమనుకుని పైన రెండు హంసలు చెక్కి ఇచ్చాడు. ఆ హంసల మధ్య, గీత పడిందని షాపులో పక్కన పడేసిన పలచటి మానిటరొకటి బిగించాను. ఏ ఆట పెడితే దాని పేరు పైన వెలగాలి. నాయనమ్మ కాసేపు చూసి, "ఇంట్లో ఉన్నది నలుగురం. దారి తప్పి వచ్చేవాడెవడ్రా, దీనికి బోర్డెందుకు?" అంది.

ఆ ప్రశ్నకి జవాబు తాతయ్య దగ్గర దొరికింది. దుగ్గిరాల పసుపు యార్డులో గుమాస్తాగా చేసిన మనిషి. ముందు ఆయన రిటైరయ్యాడు, తర్వాత ఆయన చెవులు రిటైరయ్యాయి. చెవి మిషను కొనిచ్చాం. అందులో గిన్నెలు వినిపించినంత బాగా మనుషులు వినిపించడం లేదని దాన్ని వక్కపొడి డబ్బాలో దాచేశాడు. ఇక ఆయనతో ఇంటిల్లిపాదికీ మూడు అరుపులే మిగిలాయి: భోజనం, మాత్ర, ఎవరో వచ్చారు. మిగతా సంగతులేవైనా అడిగితే "ఏం లేదు" అనేవాళ్ళం. (అదీ అరిచే చెప్పేవాళ్ళం. ఏమీ లేనిదానికి అంత గొంతు దేనికో మాకే తెలియదు.) అడిగి అడిగి ఆయన హాల్లో కూర్చోవడం మానేశాడు. కుర్చీ వరండాలోకి వెళ్ళింది, ముఖం వీధివైపు తిరిగింది. నాయనమ్మ అరవడం కూడా చేసేది కాదు. తాను ఆయనతో అనే మాటలు వీధికి చెప్పేవి కావంది. అట్లా ఆ ఇద్దరి మధ్యా మాటలే ఆగిపోయాయి.

ఒక ఆదివారం, పన్నెండింటికి కరెంటు పోతుంది, స్నానానికి నీళ్ళు పట్టుకోమని చెప్పి చెప్పి నా గొంతు పోయింది. విసుగొచ్చి ఆయన్ని హాల్లోకి తీసుకొచ్చి, ఆ ముక్కే పెట్టెలోని కంప్యూటరు కీబోర్డు మీద కొట్టాను. షాపులో శుభలేఖలకి వాడే తెలుగు అక్షరాలు హంసల మధ్య వెలిగాయి. తాతయ్య చదివాడు. నీళ్ళ కోసం లేవలేదు.

"ఇందాక లోపల ఎందుకు నవ్వుకున్నారు? అది రాయి," అన్నాడు.

నేను అలవాటుగా "ఏం లేదు" అని అరిచాను.

"మాత్రల సంగతి అందరూ చెబుతారు. నవ్విన సంగతే ఎవరూ చెప్పరు. రాయి."

రాశాను. ఆ పూట నుంచి కుర్చీ హాల్లోకి వచ్చింది, నేను ఇంటికి గుమాస్తానయ్యాను. ఆటలు ఆడటం అంతటితో సరి. చిక్కల్లా నా వేళ్ళతోనే. ఒత్తులు వెతుక్కుంటూ నేను కొట్టేసరికి రెండు నిమిషాలు పట్టేది. అందరూ నవ్వి మర్చిపోయాక తాతయ్య నవ్వేవాడు.

అలా ఉండగా రేపల్లె నుంచి నాయనమ్మ చెల్లెలు వచ్చింది. వస్తూనే వాళ్ళాయన ఘనకార్యం చెప్పింది. తెనాలి రావాలని రేపల్లెలో రైలెక్కి నిద్రపోయాడట. రైలు తెనాలి వచ్చి, తిరిగి రేపల్లె వెళ్ళింది. మెలకువ వచ్చి, తెనాలే అనుకుని దిగి, మా ఇంటికి దారెటని రిక్షా అతన్ని అడిగాడట. ఆ రిక్షా అతను వాళ్ళ పక్కింటాయన. అందరూ నవ్వుతుంటే నేను టైపు కొడుతూనే ఉన్నాను. ఈలోగా ఆవిడ వాళ్ళ పాడిగేదె చచ్చిపోయిన కథలోకి వెళ్ళి, పమిటతో కళ్ళొత్తుకుంటోంది. అందరం తలలు దించుకున్నాం. సరిగ్గా అప్పుడు నేను "పక్కింటాయన" దగ్గర చుక్క పెట్టాను. తాతయ్య తొడ చరిచి, కుర్చీ ఊగేట్టు నవ్వాడు.

ఆవిడ కొంగు కళ్ళ దగ్గరే ఆగిపోయింది. "పాడిగేదండీ బావగారూ," అంది.

నేను గబగబా "గేదె చచ్చిపోయింది" అని కొట్టాను. (నా జీవితంలో అంత వేగంగా మరెప్పుడూ టైపు చేయలేదు.) తాతయ్య చదివి, నవ్వు దిగమింగి, రెండు చేతులూ జోడించాడు.

"ఏమీ అనుకోకు మరదలా. మీరంతా గేదె దగ్గరికి వెళ్ళిపోయారు. నేనింకా రైల్లోనే ఉన్నాను."

ముందు నవ్వింది ఆవిడే, కన్నీళ్ళతోనే. నాయనమ్మ మాత్రం నవ్వి నవ్వి, చివరికి తాతయ్య ముఖం చూస్తూ ఆగిపోయింది. మర్నాడు పొద్దున నన్ను పిలిచి, కీబోర్డులో ఏ మీట ఏ అక్షరమో రాసి కాగితం ముక్కలు అంటించమంది. అంటించాను. పక్కన నిలబడి నేర్పుతానంటే, "నువ్వు షాపుకి పో నాన్నా," అంది.

వారం తర్వాత సాయంత్రం ఇంటికొచ్చేసరికి బోర్డు మీద మూడే మాటలు: "బాపట్ల బస్సులో నిమ్మకాయలు". కింద తాతయ్య కండువాతో కళ్ళు తుడుచుకుంటూ నవ్వుతున్నాడు. నాయనమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది.

"ఏంటి? ఏ నిమ్మకాయలు?" అన్నాను.

"ఏం లేదు," అంది నాయనమ్మ.

తాతయ్యని అడిగాను. వినపడలేదన్నట్టు చెవి చూపించాడు. (ఆ చెవి ఆయనకి అంతగా పనికొచ్చింది అప్పుడే.) నా బోర్డు కింద నేనే, ఏమీ తెలియకుండా, టిఫిన్ క్యారేజీ పట్టుకుని నిలబడ్డాను.

వాళ్ళిద్దరూ ఆ నిమ్మకాయల సంగతి చెప్పకుండానే వెళ్ళిపోయారు. పెట్టెకి చెదలు పట్టాయి, హంసలు మాత్రం అటక మీద ఉన్నాయి. ఇప్పటికీ బాపట్ల బస్సులో ఎవరి సంచిలోనైనా నిమ్మకాయలు కనబడితే నాకు నవ్వాగదు. పక్కనున్న మా ఆవిడ ఎందుకని అడుగుతుంది.

ఏం లేదంటాను. ఎందుకో నాకూ తెలియదు మరి.