చూడదగ్గది అదొక్కటే

ఈ లోకంలో మెచ్చుకోదగ్గది ఏదైనా ఉంటే, అది మా మామయ్య కంట పడకుండా దాక్కోవాలి. ఆయనది ఇస్త్రీ కొట్టు. ఎక్కడ ముడత ఉందా అని వెతకడమే పని. పెళ్ళికెళితే పెళ్ళికొడుకు చెవుల్లో తేడా కనిపెట్టేవాడు. పసిబిడ్డను చేతికిస్తే, “ముక్కు ఇంకాస్త తీర్చాల్సింది,” అన్నాడు. ఆ బిడ్డ తల్లి మళ్ళీ మా గుమ్మం తొక్కలేదు.

అలాంటి మనిషి ఒక సినిమాను మాత్రం విడవకుండా మళ్ళీ మళ్ళీ చూశాడు. గుర్రాలు, టోపీలు, ఎదురెదురుగా నిలబడి కాల్చుకునే తుపాకీవీరుల సినిమా అది. మా నాన్న సినిమాల్లో ఫైటరు. హీరోల చేత తన్నులు తినడమే ఉద్యోగం. ఆ సినిమాలో తూటా తగిలి మేడ మీంచి పడే వేషం. కింద పరుపులు సగమే పరిచారు. నడుము విరిగింది. కంపెనీవాళ్ళు పళ్ళు పట్టుకొచ్చి పరామర్శించారు, మళ్ళీ కనపడలేదు.

మంచం పట్టిన నాన్నకు కావలసింది ఒక్కటే. ఆ పడటం తెరమీద ఎలా వచ్చింది? నడుము పోతే పోయింది, సీను నిలబడాలి. మామయ్య మంచం పక్కన కూర్చుని సినిమాను ఉతికి ఆరేసేవాడు.

“కథ ఎక్కడుంది బావా? నెల్లాళ్ళు గుర్రం మీద తిరిగొచ్చినవాడి చొక్కాకు నా ఇస్త్రీ కన్నా గట్టి మడత. ఏట్లో పడ్డా టోపీ ఊడదు. మేకులు కొట్టారో ఏమో.”

“విలన్?”

“చచ్చేముందు ఉపన్యాసం మొదలెట్టాడు. వినలేక గుర్రమే తల తిప్పుకుంది.”

“మరి... నేను?”

“మొత్తానికి చూడదగ్గది అదొక్కటే. చేతులు చాపి, గాల్లో ఒక్క మలుపు తిరిగి పడ్డావు. హాలంతా ఈలలే.”

ఆ పూట నాన్న అమ్మ పెట్టింది పేచీ లేకుండా తినేవాడు.

నేనూ చూస్తానంటే మామయ్య అడ్డం పడేవాడు.

“దండగ అల్లుడూ. నేను చెప్తున్నాగా.”

సినిమా ఎత్తేస్తున్నారని తెలిసి, మామయ్యకు చెప్పకుండా, అమ్మతో మాత్రం చెప్పి వెళ్ళాను. ఆయన చెప్పిన తప్పులన్నీ అక్షరాలా ఉన్నాయి. హీరో, విలన్ మాటల్లేకుండా ఎదురుపడే ఘట్టం మాత్రం బ్రహ్మాండంగా ఉంది. అది ఆయన చెప్పనే లేదు. మేడ సీనొచ్చింది. పైన తుపాకీ పట్టుకున్న నీడ కదిలింది. హీరో కాల్చాడు. మరుక్షణం గుర్రమెక్కి పాట అందుకున్నాడు. పడే ముక్క కోసేశారు. నడుము పుచ్చుకుని, తెరమీద ఒక్క క్షణం ఇవ్వడానికి చేతులు రాలేదు దొంగవెధవలకి.

ఇంటికొచ్చేసరికి మామయ్య మంచం పక్కనే ఉన్నాడు. నా వాలకం చూసి ఆయన మొహం పాలిపోయింది.

“సినిమాకెళ్ళావట కదరా. ఎలా పడ్డాను?” అన్నాడు నాన్న.

వెళ్ళి మంచం చివర కూర్చున్నాను.

“మామయ్య చెప్పినంత గొప్పగా ఏం లేదు నాన్నా. మలుపు బాగుంది. చివర్లో ఎడమకాలు కాస్త ముడిచావు.”

నాన్న ఆలోచించాడు. మెల్లగా మొహం విప్పారింది.

“ముడిచాను. అదే నా అనుమానం కూడా. మీ మామయ్య ఒక్కసారన్నా చెప్పాడా? పాపం, మొహమాటస్తుడు.”

పుట్టి బుద్ధెరిగాక మా మామయ్యకు ఆ బిరుదిచ్చిన మనిషి మా నాన్న ఒక్కడే. మామయ్య దానికి మాత్రం వంక పెట్టలేదు.