చిచ్చా పెట్టిన ఫ్యూజు

ముందే ఒప్పుకుంటున్నాను, ఉన్నదాన్ని ఉన్నట్టు చెప్పడం నాకు చిన్నప్పటి నుంచి చేతకాదు. పిల్లిని చూస్తే ఎనుబోతును చూశానంటాను, నాలుగు చినుకులు పడితే చెరువు తెగిందంటాను. మా ఇంట్లో వాళ్ళు నా మాటలో సగం తీసేసి, మిగిలిన సగాన్ని మళ్ళీ సగం చేసి నమ్ముతారు. మీరూ అలాగే చదువుకోండి. కోపాన్ని మాత్రం తగ్గించి చదవకండి, అది ఇరవై ఏళ్ళుగా నిలవ ఉన్న అసలు సరుకు.

పోయిన వారం నా కారులో చార్జింగ్ లైటు వెలిగి ఎంతకీ ఆరకపోతే, జనగామలో అద్దాల గోడలున్న ఒక సర్వీసు సెంటరుకు తీసుకుపోయాను. పెళ్ళిచూపులకు వచ్చిన వరుడిలా నన్ను సోఫాలో కూర్చోబెట్టి, కాఫీ చేతికిచ్చి, కారును మాత్రం నా కంటికి కనబడకుండా లోపల దాచేశారు. ఒక యుగం గడిచాక టై కట్టుకున్న పెద్దమనిషి ఒకాయన వచ్చి తీర్పు చెప్పాడు. "ఎవడో లోకల్ ఎలక్ట్రీషియన్ చెయ్యి వెట్టిండు సార్, గందుకే వైరింగ్ ఖరాబైంది. మొత్తం మార్చుడే."

ఆ కారు కొన్ననాటి నుంచి ఏ ఎలక్ట్రీషియన్ నీడా దాని మీద పడలేదు. లోపలికి దూసుకుపోయి నేనే వంగి చూస్తే, డైనమో దగ్గర వైరును ఎలుక కొరికిన గుర్తులు స్పష్టంగా ఉన్నాయి. ఎలుక చేసిన పనికి కూడా దిక్కులేని ఎలక్ట్రీషియన్ పేరే చెబుతావా అని నేను అరిచిన అరుపుకు అక్కడి అద్దాలన్నీ గజగజ వణికాయి. ఆ పెద్దమనిషికి పాపం అర్థం కాలేదు, నేను తిడుతున్నది తనను కాదని.

అదే మాట నేను ఇరవై ఏళ్ళ కిందట తొర్రూరులో విన్నాను. మా అక్కను ఇచ్చిన బావకు అక్కడ టెంట్ హౌస్ ఉండేది. షామియానాలు, కుర్చీలు, మైకు సెట్లు, లైట్లు పెళ్ళిళ్ళకు కిరాయికి ఇచ్చేవాడు. మహబూబాబాద్ నుంచి కొత్తగూడ అడవి దాకా మా బావ కుర్చీలో కూర్చోకుండా పెళ్ళి చూసినవాడు లేడు. ఆయనకొక పాత డీజిల్ కారు, దాని నెత్తి మీద ఎనుబోతు కొమ్ముల్లాంటి నాలుగు మైకులు, ముందర మూడు ఫోకస్ లైట్లు, స్టీరింగు వెనక నేను. పెళ్ళికొడుకును ఊరేగించుకుపోవడం మా పని.

చిక్కల్లా ఆ కారు డైనమోతోనే వచ్చింది. ఇప్పుడు దాన్ని ఆల్టర్నేటర్ అనాలట, మాకు అన్నీ డైనమోలే. పాతది పీనుగలాంటిది, మైకులూ లైట్లూ ఒక్కసారి వేస్తే బ్యాటరీ నీరసించి, టేపులో ఉరకాల్సిన పెళ్ళిపాట చావు ఇంటి ఏడుపులా సాగిపోయేది. ఒకసారి పెళ్ళికొడుకు నాయనమ్మ నిజంగానే కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. దాంతో బావకు రోషం వచ్చి, ఎక్కడో పాత ఇనుప సామాను కొట్లో గుమ్మడికాయంత పెద్ద వ్యాను డైనమోను సంపాదించి, బస్టాండు పక్కన రేకుల షెడ్డులో ఉండే చిచ్చా ముందు దింపాడు.

చిచ్చా ఆటో ఎలక్ట్రీషియన్. తొర్రూరులో ఆయనను హిందువులూ ముస్లింలూ అందరూ చిచ్చా, అంటే చిన్నాన్న, అనే పిలిచేవారు. ఆయన ఆ డైనమోను చూసి మురిసిపోలేదు, ముఖం చిట్లించి పాత వైరును రెండు వేళ్ళతో ఎత్తి చూపించాడు. "డైనమో బిగించుడు పెద్ద పనేం గాదు బేటా. గంత కరెంటు గీ దారమంత వైరులకెల్లి పొమ్మంటె ఎట్ల పోతది? వైరు కాలుతది."

మరునాడు పొద్దున మొదలుపెట్టిన పని పొద్దు గుంకేదాకా సాగింది. డైనమో నుంచి బ్యాటరీ దాకా వేలంత లావు వైరు కొత్తది వేశాడు. రెండు కొసలనూ మెలిపెట్టి వదిలేయకుండా రాగి రింగులు తొడిగి, నొక్కి, టంకం పోశాడు. వైరు మొత్తానికి గొట్టం తొడుగు ఎక్కించి, వేడి సైలెన్సరుకు జానెడు దూరంలో అడుగడుక్కీ క్లాంపు వేసి పట్టించాడు. రేకులోంచి వైరు దూరే రంధ్రానికి, అంచు కోయకుండా రబ్బరు రింగు అమర్చాడు. ఇంజను నుంచి బ్యాటరీకి లావు ఎర్తు వైరు కూడా వేసి, చివరగా బ్యాటరీ పక్కనే ఒక ఫ్యూజు పెట్టాడు. తర్వాత ఒక్కో వైరునూ పట్టుకుని ఎంత గట్టిగా లాగి చూశాడంటే, హ్యాండు బ్రేకు వేసిన కారు రెండడుగులు ముందుకు జరిగింది.

బావకు ఓపిక పోయింది. "ఏంది చిచ్చా, కారుకు వైరు గుంజుతున్నవా, ఊరికి లైను గుంజుతున్నవా?"

"ఊరి లైనైతే ఊరోళ్ళు చూస్కుంటరు సేట్. కారును నువ్వు చూస్కుంటవ్, గందుకే నాకు భయం," అన్నాడు చిచ్చా తల ఎత్తకుండానే. తర్వాత నన్ను దగ్గరికి పిలిచి ఫ్యూజు మీద వేలు పెట్టాడు. "ఇది పోయిందనుకో, ఇది ఖరాబైనట్టు గాదు. మన కోసం సచ్చినట్టు. ఎందుకు సచ్చిందో దేవులాడున్రి, అటెన్క కొత్తది పెట్టున్రి. ఉత్తగ మాత్రం పెట్టొద్దు."

ఆ సీజనంతా మా పెళ్ళిపాటలు గోదావరి అవతలికి వినిపించాయి. బావకు అక్కడితో తృప్తి కలగాలి కదా? కలగలేదు. మహదేవపూర్ అవతల ఒక ఊళ్ళో పెళ్ళి ఒప్పుకుని, నాలుగో ఫోకస్ లైటు కోసం ఇనుప స్టాండు ఒకటి బిగించాడు. స్టాండుకు రబ్బరు రింగు అడ్డం వచ్చింది. "గీ రబ్బరు లేకుంటె కారు నడ్వదా?" అని దాన్ని పీకి అవతల పడేశాడు. అంతే, లావు వైరు ఉత్త రేకు అంచు మీద కూర్చుంది.

భూపాలపల్లి దాటాక ఒక గుంతలో కారు ఎగిరిపడింది, చార్జింగ్ లైటు వెలిగింది. ఆపి చూస్తే ఫ్యూజు కరిగిపోయి ఉంది. వెనక సీట్లో పెళ్ళికొడుకు, వాని పక్కన వాళ్ళ మేనమామ, ముహూర్తం తరుముకొస్తోంది. మన ఇళ్ళల్లో ఏం చేసేవాళ్ళమో మీకు తెలియంది కాదు. ఫ్యూజు పోతే వైరులోంచి ఒక రాగి పోగు తీసి చుడతాం, మళ్ళీ పోతే రెండు చుడతాం, ఆ తర్వాత పది చుట్టి, ఇల్లు కాలినా ఫ్యూజు పోకుండా చేసి, కరెంటు మీద గెలిచినట్టు మీసం దువ్వుతాం. బావ అదే పని పురమాయించాడు. "మంచిగ బందోబస్తుగ చుట్టు బామ్మర్దీ, మల్ల పోవద్దు." చిచ్చా చెప్పిన మాట నా చెవిలో గింగిరాలు కొడుతూనే ఉంది. అయినా చుట్టాను. ఈ చేతులతోనే, బొటనవేలంత లావున చుట్టాను.

పెళ్ళివారి ఊరి పొలిమేరలో ఎదురుకోలు. పట్టపగలు, సూర్యుడు నడినెత్తికి వస్తున్న వేళ, బావ నాలుగు ఫోకస్ లైట్లూ వేయించాడు, సూర్యుడికి దారి చూపించడానికేమో! కారు బండరాయి ఎక్కి దిగేసరికి కోసుకుపోయిన వైరు రేకును పట్టుకుంది. ఆపాల్సిన ఫ్యూజు లేదు, ఉన్నది నా బందోబస్తు. వైరు దీపావళి కడ్డీలా ఎర్రబడింది, తొడుగు అంటుకుంది, దాని పక్కనే డీజిలు పైపు. పొగ కాళేశ్వరం గోపురాన్ని కమ్మేసింది. అదేదో తొర్రూరోళ్ళ కొత్త ఐటం అనుకుని ఆడపెళ్ళివారు చప్పట్లు కొట్టారు. పెళ్ళికొడుకు కిటికీలోంచి ఎంత దూరం దూకాడంటే నేరుగా పందిట్లోనే పడ్డాడు. మనుషులకు ఏమీ కాలేదు, ఊరి వాళ్ళు తట్టలతో ఇసుక తెచ్చి పోశారు. కారు మాత్రం కాలిన రేకై మిగిలింది. బ్యాటరీ పక్కన నల్లబడ్డ నా రాగి ముద్ద దొరికితే తీసి జేబులో వేసుకున్నాను.

మూడో రోజు బస్టాండులో, చాయ్ హోటల్ ముందరి బల్ల దగ్గర, ఊళ్ళో డ్రైవర్లందరూ ఉండగా బావ మొదలుపెట్టాడు. "గా చిచ్చా చెయ్యి వెట్టిండు, కారు బూడిదైంది. పెండ్లికొడుకు పాణం పోయేది. నమ్మి ఇచ్చినందుకు నాకు గిదే కావాలె." చిచ్చా షెడ్డులోంచి చేతులు తుడుచుకుంటూ వచ్చి నిలబడ్డాడు.

"నేను పెట్టిన ఫ్యూజు ఏది సేట్? జర చూపియ్యి. గది సూస్తె అంతా తెలుస్తది."

"అంతా కాలినంక ఫ్యూజు యాడిది? ముసలోనివైనవ్, కండ్లు కనవడ్తలేవు, ఇగ దుకాణం బంద్ వెట్టుకో."

అప్పుడు నేను లేచాను. జేబులోంచి రాగి ముద్ద తీసి బల్ల మీద కొట్టాను, చాయ్ గ్లాసులు గాల్లోకి లేచాయి. ఇదీ నీ ఫ్యూజు, రబ్బరు పీకింది నువ్వు, పోగులు చుట్టింది నేను, ఆ మనిషి పనిలో వెంట్రుక వాసి తప్పు లేదు అని బావ ముఖం మీదే చెప్పాను. బస్టాండులో బస్సులు కూడా హారన్లు ఆపి విన్నాయి. డ్రైవర్లు తలలు దించుకున్నారు, చిచ్చా నా భుజం మీద చెయ్యి వేశాడు.

ఈ తరం కార్లలో వైర్లన్నీ తొడుగుల్లో దాక్కున్నాయి. ఫ్యూజులు చాక్లెట్లలా రంగురంగులుగా వరుసగా కూర్చుంటాయి, ఏది దేనికో మూత మీద బొమ్మ గీసి ఉంటుంది. కారు తన జబ్బు తానే తెర మీద రాసి చూపిస్తుంది. మంచిదే. కానీ ఎందుకు చచ్చిందో దేవులాడమనే, వెతకమనే మనిషి లేడు, ఒక్కో వైరునూ లాగి చూసి గాని కారును రోడ్డెక్కనియ్యని ఆ చేతులు లేవు. అద్దాల గోడల మధ్యకు వచ్చినా తప్పును అక్కడ లేనివాడి మీద తోసే అలవాటు మాత్రం చెక్కుచెదరలేదు.

ఇక నేను కల్పించింది ఏదో చెప్పాలి. పొగ కాళేశ్వరం దాకా పోలేదు, పెళ్ళికొడుకు పందిట్లో పడలేదు, అవి మీరు ఎప్పుడో తీసేసి ఉంటారు, వాటిని అబద్ధాలనరు. మొదలంటా కల్పించింది ఒక్కటే. నేను లేవలేదు. బావ ఇంటి తిండి తింటున్నాను, రేపు అక్క ముఖం ఎలా చూడాలి అని అప్పట్లో నాకు నేను చెప్పుకున్నాను. చిచ్చా ఫ్యూజు ఏదని అడిగి బావను వదిలేసి నా వైపు చూశాడు, చాలాసేపు చూశాడు. ఆ తర్వాత డ్రైవర్లు ఒక్కొక్కరే వేరే షెడ్డుకు పోవడం మొదలుపెట్టారు. రెండు నెలలకు చిచ్చా సామాన్లు గోనెసంచిలో వేసుకుని భూపాలపల్లిలో తమ్ముడి దగ్గరికి వెళ్ళిపోయాడు. ఆయన నా వైపు చూసినంతసేపూ నా చెయ్యి జేబులోనే ఉంది, ఆ రాగి ముద్దను ఎవరికీ కనబడకుండా గట్టిగా పట్టుకుని.