శివకృష్ణ సాయం చేయడు

మా పక్కింటి శివకృష్ణ ఎవరికీ సాయం చేయడు. పొగరా అంటే అదీ లేదు. మన చేతికి ఫోను ఇచ్చి, జర నొక్కి చూడమంటాడు. ఆ తర్వాత రెండు చేతులూ వీపు వెనక కట్టుకుని, బడిలో పంతులు నిలబెట్టిన పిల్లాడిలా నిలబడి, మన బొటనవేలినే చూస్తుంటాడు. ఏది నొక్కాలో అడిగితే చెప్పడు. తప్పు నొక్కితే ఆపడు. దేవరకొండలో ఇంత మంచి మనిషీ లేడు, ఇంతగా ఒళ్లు మండించే మనిషీ లేడు. ఇద్దరూ ఒక్కడే కావడం మా వాడకట్టు ఖర్మ.

పగలంతా కరెంటు ఆఫీసులో ఉద్యోగం. పొద్దున డ్యూటీకి ముందూ, ఆదివారాలూ సొంత కంపెనీ. కంపెనీ అంటే అద్దాల మేడ అనుకునేరు. వంటింటి పక్కన బియ్యం బస్తాల గది, అందులో ఒక కంప్యూటరు, ఒక కుర్చీ. ఓనరూ నౌకరూ తనే. గొర్లు కాసిన ఇంట్లో పుట్టినవాడు కదా, గొర్రెలవాళ్ల కోసం ఫోనులో నడిచే సాఫ్ట్‌వేర్ తయారు చేస్తున్నాడు. మందకు కడుపులో పురుగులు పోయే నట్టల మందు ఎప్పుడు తాగించారో, టీకా ఎప్పుడు వేయించారో నొక్కి పెడితే, మళ్లీ వేయించాల్సిన రోజున ఆ ఫోనే గుర్తు చేస్తుందట. ఇవన్నీ నాకెలా తెలుసంటారా? మధ్యలో ఉన్నది పొట్టి గోడ. పైగా నేను అడగకుండా ఉండలేను.

మొదటి బలి నేనే. అయిదో తరగతి దాకా చదివాను కాబట్టి పనికొస్తానన్నాడు.

"ఏది నొక్కాలె కొడుకా?" అన్నాను.

"నీకేది నొక్కబుద్దయితే అది పెద్దమ్మా."

నొక్కాను. ఫోను టింగుమంది. నా మంద మొత్తం చచ్చిపోయినట్టు చూపించింది. లేని గొర్రెలే అయినా ప్రాణం ఉసూరుమంది. ఈయన మాత్రం ముఖమంతా నవ్వు చేసుకుని, చాలా మంచి పని చేశావని నన్ను మెచ్చుకుని, ఆ బటన్‌ను ఇంకోచోటికి మార్చడానికి గదిలోకి పరిగెత్తాడు. నా గొర్రెలను బతికించి పొమ్మన్నా వినలేదు.

తర్వాత ఊరి మీద పడ్డాడు. గ్యాస్ సిలిండరు భుజాన మోసుకొచ్చిన మనిషిని గుమ్మంలోనే ఆపి ఫోను ఇచ్చాడు. పాపం, అతనికి గొర్రె కాదు కదా కోడిపిల్ల కూడా లేదు. ఒక పెళ్లి బంతిలో పక్క విస్తరాయన కూర కలిపిన చేత్తోనే రెండు పొట్టేళ్లకు టీకాలు వేశాడు. ఆఫీసులో భోజనాల వేళ పెద్దసారు కూడా టిఫిను డబ్బా మూత తీయకముందే మందకు మందు తాగించాల్సి వచ్చిందట. ఇప్పుడు ఎవరు సెలవు అడగడానికి వెళ్లినా, ఆ సారు ముందు తన గొర్రెలు ఎట్లున్నాయని అడుగుతున్నాడని చెప్పుకుంటారు.

ఆ జబ్బు ఇంట్లోకీ పాకింది. ఒక ఆదివారం భార్య నాగరాణి బియ్యం బస్తా జరపలేక అవస్థ పడుతుంటే, ఈయన చేతులు వెనక్కి కట్టుకుని నిలబడ్డాడు. నేను గోడ మీది నుంచి చూస్తూనే ఉన్నాను.

"గట్ల జూస్తున్నవేంది? ఓ చెయ్యి పట్టరాదు?" అంది నాగరాణి.

"నేను పడితే నీకు యాడ బరువైతాందో నాకెట్ల ఎరుకైతది?"

నాగరాణి బస్తాను అక్కడే వదిలేసింది. ఆ రోజే తేల్చి చెప్పింది. వచ్చే ఆదివారం గొర్రెల పెంపకందార్ల సంఘం మీటింగు ఉంది. సంఘం తన సభ్యులందరికీ ఈ సాఫ్ట్‌వేర్ తీసుకుంటే సరే. వద్దంటే కంప్యూటరు గదిలోంచి పోవాలి, ఇక నుంచి ఆదివారాలు ఇంటివి. శివకృష్ణ తల ఊపాడు. ఇన్నేళ్ల కష్టం ఒక్క మీటింగు మీద పడింది.

నాకు గొర్రెలు లేవు, అయినా వెళ్లాను. నాగరాణికి తోడు కావాలి కదా. బయల్దేరే ముందు శివకృష్ణ మళ్లీ నాతో నొక్కించాడు. ఒక్క గొర్రె కూడా చావలేదు.

సంఘం అధ్యక్షుడి పేరూ ఊరూ నేనిక్కడ రాయను. ఎందుకో మీకే తెలుస్తుంది. పెద్ద తలపాగా, తెల్లటి మీసం, ఆయన ఊ అంటే సంఘమంతా ఊ అన్నట్టే. శివకృష్ణ ఫోను ఆయన చేతిలో పెట్టి, అలవాటు ప్రకారం చేతులు వెనక్కి కట్టుకున్నాడు. ఆయన ఒకచోట నొక్కాడు, కాలేదు. వెనక్కి వచ్చి ఇంకోచోట నొక్కాడు, అదీ కాలేదు. ఆయన నుదుట చెమట పట్టింది. సభ్యులు మెడలు చాచారు. వెనక ఎవడో కిసుక్కుమన్నాడు. ఒక్క ముక్క చెప్పి చావరాదా వీడు అని నేను పళ్లు కొరుక్కున్నాను.

అప్పుడు, నేనెరిగినంతలో మొదటిసారి, శివకృష్ణ చేతులు ముందుకొచ్చాయి. ఫోను లాక్కున్నంత పని చేశాడు.

"ఆగు మామా. ఇది ఖరాబైంది. నేనే సక్కగ చెయ్యలే. వచ్చే మీటింగు దాక టైమియ్యిండ్రి."

"అదే అనుకుంటున్న. నేను నొక్కితే ఎట్ల కాదని," అంటూ ఆయన మీసం సర్దుకున్నాడు.

నవ్వంతా శివకృష్ణ మీదికి తిరిగింది. పోయి కరెంటు బిల్లులు చూసుకొమ్మని ఒకడు సలహా కూడా ఇచ్చాడు. మరోసారి చూద్దాంలే అని సంఘం లేచిపోయింది. ఇంటికి రాగానే నాగరాణి కంప్యూటరు వైరు పీకి చుట్ట చుట్టడం మొదలుపెట్టింది.

"పొద్దుగాల నేను నొక్కితే మంచిగ నడిచె. ఖరాబైందని అబద్ధమెందుకు ఆడినవ్?" అని శివకృష్ణను నిలదీశాను.

నసిగాడు. నేను కదలలేదు. చివరికి గొంతు తగ్గించి చెప్పాడు.

"ఆయన బొటనేలు జూసినవా పెద్దమ్మా? రాసి ఉన్నకాడికి ఒక్కసారి పోలే. ప్రతిసారి గొర్రె బొమ్మ కాడికే పోయింది."

ఎన్నో కాగితాల మీద దర్జాగా సంతకం పెట్టే పెద్దమనిషి. ఆ సంతకం తప్ప ఆయనకు అక్షరం రాదు. ఆయన పక్కన ఇన్నేళ్లున్న సంఘానికి తెలియని సంగతి శివకృష్ణ వెధవ చూపుకు తెలిసింది. నాగరాణి చుట్టిన వైరును విప్పి, మొగుడి ముందు పడేసింది.

"ఒక్క మీటింగే. గుర్తు పెట్టుకో."

ఆ మీటింగు నాటికి ఫోనులో ఒక్క అక్షరం లేదు. మందు సీసా బొమ్మ, సూది బొమ్మ, గొర్రె బొమ్మ, అంతే. తాకితే అదే పలుకుతుంది. అధ్యక్షుడు నిర్లక్ష్యంగా ఫోను అందుకున్నాడు. సీసాను తాకాడు. "నట్టల మందు" అని ఫోను గట్టిగా చెప్పింది. ఆగకుండా మంద మొత్తానికి మందు తాగించి, టీకాలు వేసి, తల ఎత్తి చుట్టూ చూశాడు. ఫోను చేతులు మారింది. ఎవరూ పక్కవాడిని ఏమీ అడగలేదు. మొన్న నవ్వినవాడు కూడా బొమ్మలు చూసి లోపల్లోపల ఊపిరి పీల్చుకున్నట్టే నాకనిపించింది.

"ఆ దినం నేను గట్టిగ జెప్తేనే పోరడు సక్కగ చేసిండు," అన్నాడు అధ్యక్షుడు.

"అవు మామా, నువ్వు జెప్పవట్టే," అన్నాడు శివకృష్ణ. చేతులు మళ్లీ వీపు వెనక్కి పోయాయి.

సంఘం ఆ రోజే సభ్యులందరికీ తీసుకుంది. బయటికి వస్తుంటే ఒక సభ్యుడు నన్ను ఆపాడు. మొన్న దీంట్ల రాతలుండె గద అవ్వా, ఏమైనయి అని అడిగాడు. నాగరాణి నా కొంగు పట్టుకుని లాగింది. అధ్యక్షుడు చెప్పులు వేసుకుంటున్నవాడల్లా ఆగిపోయాడు.

"గొర్లు మేసినయి బిడ్డా," అన్నాను.