ద్రానె ఇంటి విందు

ష్కోడర్ పట్నంలో ప్రెంక్‌ది కారు నడిపే బతుకు. అల్బేనియా చూడ్డానికి వచ్చిన విదేశీయుల్ని దేశమంతా తిప్పి తీసుకొచ్చేవాడు. వచ్చినవాళ్లు మొదట్లో కాఫీ తాగుతున్నా సంచి ఒళ్లోంచి దించేవారు కాదు. "ఇక్కడ దొంగలెక్కువటగా?" అని మొహానే అడిగేసేవారు. ఆ మాటకి ప్రెంక్ నవ్వేసేవాడు గానీ లోపల చివుక్కుమనేది.

దక్షిణాన సముద్రం చూపించేవాడు, రాతి ఇళ్ల ఊళ్లు చూపించేవాడు. ఫొటోలు తీసుకునేవాళ్లే తప్ప భయం వదిలేవాళ్లు కాదు. అది వదిలేది ఉత్తరపు కొండల్లో, ద్రానె ఇంట్లో. ద్రానె అతనికి వరసకి పెద్దమ్మ. మొగుడు పోయాక ఒంటరిగా ఉంటోంది. ప్రతిసారీ ప్రెంక్ దారిలో గుర్తొచ్చినట్టు ఆమె గుమ్మం ముందు కారు ఆపేవాడు.

ఆ వేసవిలో డచ్చి భార్యాభర్తల్ని తీసుకెళ్లాడు. ద్రానె కోడిని కోసింది, మొక్కజొన్న రొట్టె కాల్చింది, తన మంచం వాళ్లకిచ్చి తను పొయ్యి పక్కన పడుకుంది. పొద్దున్నే ఆ డచ్చావిడ మైకె పర్సు తీయబోతే ప్రెంక్ అడ్డం పడ్డాడు. "వద్దమ్మా, పెద్దమ్మకి అవమానం."

కారెక్కాక మైకె కళ్లు తుడుచుకుంది. "మీ దేశం గురించి ఎంత తప్పుగా అనుకున్నాం!"

ఆ మాట ప్రెంక్‌కి కడుపు నింపేసింది.

శరదృతువులో మరో జంటని తీసుకొస్తుంటే మలుపు దగ్గర ద్రానె పొరుగింటి కోల్ చెయ్యెత్తి ఆపాడు. ప్రెంక్ దిగి అతని దగ్గరికెళ్లాడు.

"మళ్లీ పట్టుకొచ్చావా నాయనా పెళ్లివారిని? ఈసారి ఏం కొయ్యమంటావు, మా కుక్కనా?"

"అదేంటి కోల్ మావా?"

"కోళ్లయిపోయాయిరా ద్రానెకి. మొన్నొచ్చినవాళ్లకి పెట్టిన జున్ను మా ఇంట్లోంచి అడిగి పట్టుకెళ్లింది. శీతాకాలానికని దాచుకున్న పిండి నీ దొరలు తినేశారు. నీకు చెప్పొద్దని నాచేత ఒట్టేయించుకుంది."

ప్రెంక్‌కి ద్రానె పెరడు గుర్తొచ్చింది. కోళ్లగూడు తలుపు ఎప్పటినుంచో తెరిచే ఉంటోంది. చూశాడు. చూసి కూడా ఎందుకని అడగలేదు. దేశం పరువు నిలబెడుతున్నానని మురిసిపోయాడు. ఆ పరువు ఎవరి గిన్నెలోంచి వస్తోందో పట్టించుకోలేదు. ఆ జంటకి ఏదో సాకు చెప్పి కారు వెనక్కి తిప్పేశాడు.

మర్నాడే పిండి బస్తా, నూనె, కోడిపెట్టలు వేసుకుని ఒక్కడే వచ్చాడు. ద్రానె తలుపుకి అడ్డంగా నిలబడింది.

"ఏంట్రా ఇది? నా ఇల్లు పూటకూళ్లిల్లు అనుకున్నావా?"

"చెల్లెలి కొడుకు తేకూడదా పెద్దమ్మా?"

"చెల్లెలి కొడుకు ఖాళీ చేతుల్తో వస్తాడు. లెక్క తీర్చుకునేవాడు బస్తాతో వస్తాడు." చాలాసేపు బతిమాలితే ఒక్క కోడిపెట్టని ఉంచుకుంది.

ఆ తర్వాత ప్రెంక్ తీరిక దొరికినప్పుడల్లా వచ్చి కట్టెలు కొట్టాడు, కప్పు బాగుచేశాడు. అతిథుల్ని మాత్రం తీసుకురాలేదు. వసంతంలో ఆమె తనే అడిగింది.

"ఎవర్నీ తేవడం లేదేం? నా చేతివంట వాళ్లకి నచ్చలేదా?"

"అదేం కాదు పెద్దమ్మా."

"మరి? చలికాలమంతా ఈ గోడలతోనే మాట్లాడానురా."

అతనికి తల ఎత్తబుద్ధి కాలేదు. తీసుకొచ్చీ తప్పు చేశాడు, మానేసీ తప్పు చేశాడు.

వేసవిలో ఒక పోలిష్ జంటని తెచ్చాడు. దారిలోనే ఉన్నదున్నట్టు చెప్పేశాడు: "ఆవిడ దగ్గర పెద్దగా ఏమీ లేదు. కొంచెమే తినండి." దొంగలున్న దేశమని భయపడుతూ వచ్చినవాళ్లు, పేదరాలి ఇంటికి వెళ్తున్నామని జాలిపడుతూ దిగారు. రొట్టె చివర తుంచుకుని చాలన్నారు. ద్రానె కంచాలు తీస్తూ నవ్వు లేని మొహంతో ప్రెంక్ వైపు చూసింది.

"వీళ్లకేం చెప్పావురా?"

ప్రెంక్ తన కంచం ముందుకు జరిపి, "నాకు పెట్టు పెద్దమ్మా, ఆకలేస్తోంది" అన్నాడు. ఆమె పెట్టింది. చివరి ముక్క దాకా తిని కంచం ఖాళీ చేశాడు.