మణికట్టు మీద బొటనవేలు

సిడ్నీలో మా అద్దె ఇంట్లో పక్క గది విద్యార్థి చెయ్యి కలిపితే ఒక పట్టాన వదిలేవాడు కాదు. బొటనవేలితో మణికట్టు ఎముకలు తడిమేవాడు. చదివేది ఆస్టియోపతీ, అంటే చేత్తో నొక్కి ఎముకలూ కండరాలూ సరిచేసే వైద్యం. అవుతానన్నది మాత్రం ఎముకల సర్జన్. వైటూకే పని మీద, అంటే పాత కంప్యూటర్లలో రెండువేల సంవత్సరం తేదీలు సరిచేసే పని మీద వచ్చిన నాకు అతని మీద మొదట్నుంచీ అనుమానమే.

"ఇక్కడ మీ ఆస్టియోపతీ వాళ్లు కత్తి పట్టరు కదా," అన్నాను ఒకసారి.

"అమెరికాలో పడతారన్నా. అక్కడి ఆస్టియోపతీ మెడికల్ కాలేజీలకి అప్లై చేస్తున్నా. తర్వాత ఆర్థో సీటు కష్టమే. అయినా ట్రై చేస్తా."

నేను నమ్మలేదు. సిడ్నీ దగ్గర హెలెన్స్‌బర్గ్ వెంకన్న గుడి కార్ పార్క్‌లో, కూతురికి అతని సంబంధం చూడాలనుకుంటున్న ఆంటీ అడిగితే, "డాక్టరేం కాదాంటీ, ఒళ్లు పట్టేవాడు," అనేశాను. వెనక్కి తిరిగితే అతనే. కోప్పడలేదు. చెయ్యి చాపాడు. కలిపాను.

"మెయిన్‌ఫ్రేమ్‌లో మూడేళ్ల ఎక్స్‌పీరియన్స్ అన్నావు కదన్నా. ఏ కంపెనీలో?"

నాకున్నది అమీర్‌పేటలో మూడు నెలల కోర్సు. నోటికొచ్చిన పేరొకటి చెప్పాను. అతను చెయ్యి వదలకుండానే తలూపాడు.

అప్పుడు చూసుకున్నాను. ఈసారి అతని బొటనవేలు ఎముక మీద లేదు, నాడి మీద ఉంది.