అన్‌ఫిట్ అయినందుకు లడ్డూ

నేను గుంటూరులో ఎకనామిక్స్ చెబుతాను. భారత్, చైనాలలో ఎక్కడ మనుషుల బతుకు ఎక్కువ బాగుపడిందో కరీంనగర్‌లో ఒక కాలేజీ పిల్లలకు చెప్పాలి. దారి కాకపోయినా ముందు బెల్లంపల్లిలో చుట్టాల్ని చూసి, అక్కడే రైలెక్కి కాగితాలు తిరగేస్తుంటే ఎదుటి సీటాయన లడ్డూల డబ్బా చాపాడు.

“తీస్కోండ్రి సార్. అన్‌ఫిట్ అయిన.”

నాకేమీ అర్థం కాలేదు. ఆయన బొగ్గుగని కార్మికుడు. ఊపిరి సరిగ్గా ఆడటం లేదు, గనిలో దిగడానికి పనికిరాడని డాక్టర్లు రాసిచ్చారట. అలా రాసిస్తే ఆ ఉద్యోగం కొడుక్కి వస్తుంది. అందుకే స్వీట్లు.

“అబ్బాయి ఏం చదివాడు?”

“బీటెక్ సార్. మూడేండ్ల సంది ఖాళీగనే ఉన్నడు. ఇగ ఫికర్ లేదు, గనిల దిగుతడు.”

నా కాగితాలేమిటని అడిగితే చెప్పాను. చైనా అనగానే ఆయన ముందుకు జరిగాడు.

“మా గనికి మిషన్ బిగించనీకి చైనా ఇంజనీరు వచ్చిండు సార్. ఫోన్ల తర్జుమా చేసుకుంట మాట్లాడుకున్నం. వాళ్ళ బాపు గూడ గనిల పని చేసినోడేనట. కొడుకు గనిల దిగొద్దనే చదివిచ్చిండట. నా కొడుక్కు నా నౌకరి రావాలని మొక్కుతున్న అంటే, నా దిక్కు వింతగ చూసిండు.”

దగ్గు ఆగాక అడిగాడు. “మీ లెక్కల ఎవలు ముందున్నరు సార్?”

రైలెక్కేటప్పుడు నా దగ్గర జవాబుంది. ఇప్పుడు ఆయన్ని అభినందించాలో పరామర్శించాలో కూడా తేలడం లేదు. లడ్డూ మొత్తం నోట్లో పెట్టుకున్నాను. నోరు నిండా ఉన్నవాణ్ణి ఎవరూ జవాబు అడగరు కదా.

ఆయన మాత్రం నేను మింగేదాకా ఆగాడు.