ధనశ్రీ చెప్పిన ఊరు

నూకరత్నం పుట్టింది ఒక ఊరి డేరాలో, పెళ్ళయింది మరో ఊరి డేరాలో. ఊరూరా తిరుగుతూ, గుమ్మెట వాయించి కథలు చెప్పుకు బతికే మనిషి. ఎంతటివాళ్ళనైనా నవ్విస్తుంది, ఏడిపిస్తుంది. “మీదే ఊరు?” అంటే మాత్రం ఆమెకు నోరు పెగలదు. ఇల్లున్నవాళ్ళకి ఆ ప్రశ్న ఎంత తేలికో!

ఆ ప్రశ్న ఒక మధ్యాహ్నం అనకాపల్లి బెల్లం మార్కెట్లో ఎదురైంది. నాలుగేళ్ళ కూతురు ధనశ్రీ జనంలో తప్పిపోయింది. ఓ కొట్లో ఉందని ఆటోవాళ్ళు చెబితే పరుగెత్తింది. లోపలి గదిలోంచి పిల్ల ఏడుపు వినిపిస్తోంది. తలుపుకి గడియ పెట్టి, అడ్డంగా నిలబడ్డాడు కొట్టు యజమాని రామ్‌గోపాల్. చెడ్డవాడు కాదు. ఫోన్లో పిల్లల్ని ఎత్తుకుపోయేవాళ్ళ వీడియోలు చూసి చూసి, కనిపించిన మనిషినల్లా అనుమానించే జబ్బు పట్టింది.

“మీదే ఊరు?”

“ఈ ఏడు రావికమతం కాడ డేరా ఏసేం బాబూ.”

“పిల్ల మేఘగిరి పట్నం అంది. పెద్ద మేడంట, ఏడు గుమ్మాలంట. ఫోన్లో వెతికేను, ఆ ఊరే లేదు. ఎవరి పిల్లని తెచ్చేవు? నిజం చెప్పు!”

జనం మూగారు. ఎవడో ఆమె జుట్టు పట్టుకున్నాడు. ఇంకొకడు తాడు తెమ్మన్నాడు.

నూకరత్నానికి సంగతి అర్థమైంది. మేఘగిరి తను రోజూ పిల్లకి చెప్పే కథలోది. డేరాతో పాటు ఊళ్ళు మారాయి గాని, ఆ పట్నం ఒక్కటే మారలేదు. అడిగితే పిల్ల తనకు తెలిసిన ఊరు చెప్పింది, పాపం!

“అది కతలో ఊరు బాబూ.”

“మా కాడ కతలు సెప్పకు!” అంటూ జుట్టు పట్టుకున్నవాడు గుంజాడు.

ముందు నుయ్యి, వెనక గొయ్యి. ఆమెకు చేతనైనది ఒక్కటే. వీధిలో చెప్పినట్టు గొంతెత్తి కథ అందుకుంది.

“మేఘగిరి పట్నం ఏలే రాజుకి ఒక్కగానొక్క కూతురు. ఆ పిల్ల ఓనాడు అడివిలో దారి తప్పేసింది...”

లోపల ఏడుపు ఆగింది.

“దారి తప్పేసి, సెట్టుకింద కూకుండిపోయింది. పులి అరుత్తంది. అప్పుడు ఆలమ్మ...”

వాళ్ళమ్మ అన్న మాట దగ్గర నూకరత్నం ఆపేసింది. జుట్టు మీద పిడికిలి ఇంకా బిగుసుకునే ఉంది.

తలుపు వెనక ఎక్కిళ్ళు. తర్వాత, ఆగిన కథ అందుకుంటూ చిన్న గొంతు.

“ఆలమ్మ ఒచ్చీసింది!”

పిడికిలి వదులైంది. రామ్‌గోపాల్ పక్కకి తప్పుకుని గడియ తీశాడు.